పూతరేకుల పేరు సముద్రం దాటేటప్పుడు

కొత్తపేట

చి. మనవరాలికి,

ఆత్రేయపురం నుంచి పూతరేకులు డల్లాస్‌కీ దుబాయ్‌కీ పంపే వ్యాపారం మొదలుపెడుతున్నానని రాశావు. జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కాబట్టి పేరు గురించి బెంగ లేదని కూడా రాశావు. మొదటి మాటకి ఎంత సంతోషించానో రెండో మాటకి అంత కంగారుపడ్డాను. అందుకే ఈ ఉత్తరం పొడుగైంది.

జీఐ వచ్చిన మాట నిజమే. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం దరఖాస్తు పెడితే, 2023లో చెన్నైలోని జీఐ రిజిస్ట్రీ నమోదు చేసింది. కానీ అమ్మడూ, 1999 నాటి చట్టం కింద వచ్చిన ఆ హక్కు మన దేశం వరకే. న్యూజెర్సీలో ఎవరైనా తోచినట్టు రేకులు చుట్టి పెట్టె మీద ఆత్రేయపురం అని అచ్చేసుకుంటే, చెన్నై కాగితం చూపించి ఆపలేవు. అక్కడ ఆపాలంటే అక్కడి చట్టం కిందే హక్కు సంపాదించుకోవాలి.

డార్జిలింగ్ టీ సంగతే చూడు. 2004లో మన దేశంలో మొట్టమొదటి జీఐ దానికే దక్కింది. టీ బోర్డు అంతటితో ఊరుకోలేదు. అమెరికాలో ధ్రువీకరణ మార్కుగా రాయించింది, 2011లో ఐరోపా సమాఖ్యలోనూ నమోదు తెచ్చుకుంది. అయినా ఒక ఫ్రెంచి కంపెనీ అదే పేరు లోదుస్తులకు పెట్టుకుంటే బోర్డు ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లి 2017లో ఓడిపోయింది. బోర్డుకే అంత పోరాటమైతే, ఊరి పేరు కోసం విదేశాల్లో నువ్వొక్కదానివే ఏం పోరాడతావు? అది సంఘం చేయాల్సిన పని. నువ్వు చేయగలిగింది సంఘంతో మాట్లాడి, జీఐ రిజిస్టర్‌లో అధీకృత వినియోగదారుగా నీ పేరు ఎక్కించుకోవడం. అప్పుడు ఇక్కడెవరైనా ఆ పేరు దొంగిలిస్తే దావా వేసే హక్కు నీకూ ఉంటుంది.

ఆ పేరుకి అంత విలువ ఎలా వచ్చిందో మరిచిపోకు. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన పల్చటి గుడ్డ, అది కుండ మీద పరిచి తీసేలోగా కాలే రేకు. ఆ సెగ దగ్గర పొద్దస్తమానం కూర్చునే ఆడవాళ్ల చేతుల్లోంచి వచ్చిన పేరది. అది ఊరందరిది. నీ సొంత ట్రేడ్‌మార్కుగా రాయించుకోవాలని చూడకు, చట్టం కూడా ఒప్పుకోదు.

నీదంటూ ఉండేది నీ బ్రాండు. ఊరి పేరు గానీ సరుకు పేరు గానీ కాకుండా, ఇంకెవరూ వాడని మాట ఒకటి ఎంచుకుని ట్రేడ్‌మార్కుగా రాయించు. మిఠాయిలు 30వ తరగతి కిందికి వస్తాయి. చిన్న వ్యాపారులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే తరగతికి ఫీజు 4,500 రూపాయలు. ఇక్కడ దరఖాస్తు పెట్టిన 6 నెలల్లోగా ట్రేడ్‌మార్కుల వంటి హక్కుల మీద కుదిరిన పారిస్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో పెడితే, అక్కడా మన తేదీయే లెక్కలోకి వస్తుంది. ఒక్కో దేశానికీ విడివిడిగా తిరగక్కర్లేదు. మన దేశం 2013లో ట్రేడ్‌మార్కుల మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో చేరింది కదా, ఒకే దరఖాస్తులో కావలసిన దేశాలన్నీ అడగొచ్చు. అమెరికా అందులో ఉంది, 2021 చివర్లో ఎమిరేట్స్ కూడా చేరింది. మూల రుసుము నలుపు తెలుపు గుర్తుకి 653 స్విస్ ఫ్రాంకులు, దేశాల రుసుములు వేరు. ఒక్కటి గుర్తుంచుకో. మొదటి 5 ఏళ్లూ ఇక్కడి దరఖాస్తే తల్లివేరు. అది పడిపోతే విదేశాల్లోని నమోదులూ పడిపోతాయి. కాబట్టి పేరు ఎంపికలో తొందరపడకు.

అన్నిటికన్నా నాకు భయం నీ దిగుమతిదారు గురించి. మన రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్లి స్థిరపడినవాళ్లు బోలెడంత మంది. సరుకు తెప్పించుకునేవాళ్లూ మనవాళ్లే, నమ్మకమూ ఉంటుంది. కానీ మన పేరుని తన పేర రాయించేసుకోవడం అందరికన్నా సులువు ఏజెంటుకే. మన లేబులు, మన బిల్లులు, ఎంత అమ్ముడుపోతోందో లెక్క, అన్నీ అతని దగ్గరే ఉంటాయి. ఆ తరవాత ఏజెంటుని మార్చుకుందామంటే, నీ సొంత పేరుతో నీ సరుకే ఆ దేశంలో దిగనివ్వడు. అనుమతి లేకుండా ఏజెంటు రాయించుకుంటే అసలు యజమాని అభ్యంతరం చెప్పొచ్చని పారిస్ ఒప్పందంలో ఉంది. ఉంది గానీ, అది తేలేసరికి ఏళ్లు పడుతుంది, వకీళ్లకి డాలర్లు పోయాలి. అందుకని మొదటి పెట్టె ఓడ ఎక్కకముందే దరఖాస్తు నీ పేర పడాలి, ఒప్పందంలో బ్రాండు నీదేనని, అతనికి వాడుకునే అనుమతే తప్ప హక్కు లేదని రాసుండాలి.

కాగితాలు దాచు. పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటుని, పాత రాతలు చూపించే మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి (సీఎస్ఐఆర్) 1997లో కొట్టేయించింది. మన ఇళ్లలో అందరికీ తెలుసు అంటే సరిపోలేదు, తేదీతో రాసి ఉన్నది కావలసొచ్చింది. తొలి ఇన్‌వాయిసు, షిప్పింగ్ బిల్లు, లేబులు నమూనా, ప్రకటన, ఏదీ పారేయకు.

నమోదయ్యాక కాపలా నీదే, ఏ ప్రభుత్వమూ నీ తరఫున వెతకదు. నీ పేరుని పోలిన గుర్తు అమెరికా ట్రేడ్‌మార్కుల గెజిట్‌లో పడితే అభ్యంతరానికి గడువు 30 రోజులే, ఇక్కడ 4 నెలలు. అమెరికాలో నమోదైన మార్కుని కస్టమ్స్ దగ్గర కూడా రాయిస్తే నకిలీ సరుకుని రేవులోనే పట్టుకునే వీలుంటుంది. ఆన్‌లైన్ అంగళ్లలో కనిపిస్తే మాత్రం ముందు ఫొటో తీసి, ఒకటి కొని బిల్లు దగ్గర పెట్టుకుని, అప్పుడు ఫిర్యాదు చెయ్యి.

డల్లాస్ దిగుమతిదారు పంపిన ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదుగా? పెట్టకు. ముందు నాకు పంపు, చదివి ఫోన్ చేస్తాను.

మీ తాతయ్య