నొప్పి గోలీ వేసుకుని పనికి వెళ్తున్నారా?

ఎత్తిపోతల చుట్టుపక్కల అందరివీ ఒళ్లు వంచి చేసే పనులే. మాచర్లలో నాపరాయి పాలిషింగు, పిడుగురాళ్ల వైపు సున్నం బట్టీలు, సిమెంటు బస్తాల ఎగుమతి దిగుమతి, ఊళ్లలో మిరప కోతలు, పత్తి తీతలు. నడుము పట్టేసిందని ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే పొద్దుగూకాక మెడికల్ షాపు ముందు ఆగి ‘నొప్పులకు రెండు గోలీలు’ అడుగుతారు. షాపతను స్ట్రిప్పులోంచి రెండు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. మందు పేరు, దాని కింద ఎర్రగా అచ్చేసిన హెచ్చరిక మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి.

పేరు తెలియని గోలీ వేసుకోవద్దు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

ఏ గోలీలో ఏముంది?

నొప్పి మందులు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది పారాసిటమాల్. రెండోది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. ఇవి వాపు తగ్గిస్తాయి కానీ రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. రెంటచింతల ఎండల్లో చెమటోడుస్తూ, నీళ్లు సరిగా తాగకుండా వీటిని వాడితే కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ. మూడోది ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్, మార్ఫిన్: నల్లమందు కోవకు చెందినవి. నొప్పి తెలియకుండా చేస్తాయి, మత్తునిస్తాయి, అలవాటు పడేలా చేస్తాయి. ట్రమడాల్‌ను పారాసిటమాల్‌తో కలిపి ఒకే గోలీగా కూడా అమ్ముతారు. కాబట్టి కంపెనీ పేరు ఒక్కటే చూస్తే చాలదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదివించుకోండి.

చట్టం ఏమంటోంది?

ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో కేంద్రం మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి. టాపెంటడాల్, కారిసోప్రోడాల్ కలిపిన మాత్రలకు ఇచ్చిన అనుమతులను 2025 ఫిబ్రవరిలో కేంద్రం వెనక్కి తీసుకుంది. మరుసటి నెలలోనే మన రాష్ట్రంలో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో మెడికల్ షాపుల మీద తనిఖీలు జరిగాయి. డాక్టరు రాసిన మందే మీ దగ్గరుంటే భయం అక్కర్లేదు. చీటీ, బిల్లు దాచుకోండి. మీ చీటీ మీద తెచ్చిన మందు పక్కవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు.

ఇప్పటికే అలవాటైతే

ట్రమడాల్ వారాల తరబడి వాడినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లంతా నొప్పులు, చెమటలు, విరేచనాలు వస్తాయి, నిద్ర పట్టదు. పాత నొప్పే తిరగబెట్టిందనుకుని మళ్లీ గోలీ వేసుకుంటారు. అలా ఉచ్చు బిగుసుకుంటుంది. డాక్టరును కలిసి మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. ఇది సిగ్గుపడే విషయం కాదు, వైద్యంతో నయమయ్యే విషయం. మత్తు మాన్పించే సలహాకు 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మద్యం తాగి ఈ గోలీలు వేసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి.

మరి నొప్పికి దారేది?

దీర్ఘకాలపు నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, ఫిజియోథెరపీ, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం ముందుండాలంది. నల్లమందు కోవ మందులు మామూలుగా వాడొద్దంది. నడుము బెల్టునూ సిఫారసు చేయలేదు.

మంచానికి అతుక్కుపోవద్దు, మెల్లగా నడుస్తూ ఉండండి. వేడి కాపడం పెట్టుకోండి. బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఎత్తాక నడుము తిప్పకుండా పాదాలతో తిరగండి. యాభై కిలోల బస్తాకు ఇద్దరు పట్టాలని మేస్త్రీకి చెప్పండి. ‘రెండ్రోజులు బరువు కాకుండా వేరే పని చూడన్నా’ అని అడగడంలో తప్పులేదు. మీరు నెలల తరబడి మంచాన పడితే మేస్త్రీకీ నష్టమే.

కాలు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరంతో నడుము నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో ఎముకల విభాగం ఉంది. అక్కడ ఇలా చెప్పండి: ‘సార్, నొప్పి ఫలానా పనిలో మొదలైంది, ఇన్నాళ్లుగా ఉంది, ఇదిగో ఇప్పటిదాకా వాడిన మందులు.’ ఏ ఆసుపత్రికి వెళ్లినా పాత స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి. అంతకుముందు ఎవరైనా ఏ సూది పొడిచారో తెలియకపోతే ఆ మాటా దాచొద్దు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదిలో 91 రోజుల దాకా, నిబంధనల ప్రకారం 70 శాతం జీతం వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే అదే రోజు ఆసుపత్రి చీటీలో ఆ సంగతి రాయించుకోండి. పరిహారం అడగడానికి అదే ఆధారం.

క్యాన్సర్ నొప్పి సంగతి వేరు

ఇంట్లో ఎవరైనా క్యాన్సర్‌తో బాధపడుతుంటే మార్ఫిన్ అన్న మాటకు బెదరొద్దు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని కట్టుదిట్టాల వల్ల ఆ మందు రోగులకు దాదాపు అందకుండా పోయింది. 2014 సవరణతో గుర్తింపు పొందిన ఆసుపత్రులు నిల్వ ఉంచి ఇవ్వడం సులువైంది. డాక్టరు పర్యవేక్షణలో వాడితే అది వ్యసనం కాదు, వైద్యమే. ‘నొప్పి తగ్గించే వైద్యం కావాలి’ అని క్యాన్సర్ డాక్టరును గట్టిగా అడగండి. నొప్పి ఓర్చుకోమని చెబితే సరిపెట్టుకోవద్దు.

కూలివాడి నడుముకు మత్తు గోలీ సులువుగా దొరుకుతోంది, క్యాన్సర్ రోగికి మార్ఫిన్ ఇంకా కష్టంగానే దొరుకుతోంది. ఇది తలకిందులు కావాలి. అందుకు ప్రభుత్వం చేయాల్సింది చాలా ఉంది. మన చేతిలో ఉన్నది మాత్రం ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు: ఎవరు రాశారు, అందులో ఏముంది, ఎన్నాళ్లు వాడాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే గోలీ నోట్లో వేసుకోండి.