పాఠం 11 : పేరు, ప్రతిభ, అంకెలు

మీరు కబడ్డీ పోటీ చూసే ఉంటారు. కూతకు వెళ్లి ముగ్గురిని అవుట్ చేసి వచ్చినవాడి పేరు ఆ సాయంత్రమంతా అందరి నోటా వినిపిస్తుంది. ఎదుటి జట్టు కూతగాణ్ణి మడమ దగ్గర పట్టి ఆపినవాడి సంగతి? జట్టుకు పాయింటు వస్తుంది, అతనికి అంత పేరు రాదు. ఒక ఆటగాడికి ప్రతిభకు మించిన పేరు, మరొకరికి తగ్గ పేరు రాకపోవడం ఎలా జరుగుతాయో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ నుంచి ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

అక్కడి ప్రధాన పోటీలను ఎన్.బి.ఏ. అంటారు. 1961-62 సీజన్‌లో ఫిలడెల్ఫియా ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ ఆటకు సగటున 50.4 పాయింట్లు సాధించాడు. ఈ రికార్డును నేటికీ ఎవరూ దాటలేదు. 1962 మార్చి 2న ఒక్క ఆటలోనే 100 పాయింట్లు చేశాడు. (ఆ రోజు 63 సార్లు బుట్టకు గురిపెట్టాడు, 36 పడ్డాయి. మిగతా 28 పాయింట్లు ఫ్రీ త్రోల ద్వారా వచ్చాయి.) అదే సీజన్‌లో బోస్టన్ జట్టు ఆటగాడు బిల్ రసెల్ సగటు 19 కూడా లేదు.

ఆ ఏటి మేటి ఆటగాళ్ల జట్లను ఎంపిక చేసిన విలేఖరులు, వ్యాఖ్యాతలు చాంబర్లేన్‌ను మొదటి జట్టులో, రసెల్‌ను రెండవ జట్టులో ఉంచారు. కాని అత్యంత విలువైన ఆటగాడి బహుమతికి ఆ రోజుల్లో ఓటు వేసేది తోటి ఆటగాళ్లే. వారు రసెల్‌ను ఎన్నుకున్నారు!

రసెల్ గొప్పతనం రక్షణలో ఉంది. ప్రత్యర్థి వేసిన బంతిని గాలిలోనే అడ్డుకునేవాడు. దాన్ని గట్టిగా బయటికి కొడితే చప్పట్లు మోగుతాయి, కాని బంతి తిరిగి ప్రత్యర్థికే దక్కుతుంది. అందుకని తన జట్టువారికి అందేలా మెల్లగా తట్టేవాడు. అతడు ఎదురుగా ఉన్నాడన్న జంకుతో ప్రత్యర్థి బంతి వేయడమే మానుకుంటే, అది ఏ పట్టికలోకి ఎక్కుతుంది? అంతెందుకు, అడ్డుకున్న బంతులను ఎన్.బి.ఏ. లెక్కించడం మొదలైందే 1973-74లో. రసెల్ 1969లోనే ఆట విరమించాడు. అతడు ఆడిన 13 సీజన్లలో బోస్టన్ 11 సార్లు విజేత అయింది. జట్టులో ఇంకా మంచి ఆటగాళ్లు ఉన్నారు కనుక, ఆ ఘనత మొత్తం అతనికే కట్టబెట్టడమూ సరికాదు.

చాంబర్లేన్‌ది వట్టి పేరే అనుకోకండి. 1966-67లో అతడు తాను బంతి వేయడం తగ్గించి, సహచరులకు ఎక్కువగా అందించాడు. సగటు సుమారు 24కు పడిపోయింది. ఆ ఏడే అతని జట్టు బోస్టన్‌ను ఓడించి, ఆపై ఛాంపియన్ అయింది.

పాఠ్యగత ప్రశ్న

రాము 25 సార్లు బంతి వేసి 20 పాయింట్లు, సలీం 12 సార్లు వేసి 16 పాయింట్లు చేశారు. మీ జట్టుకు ఎవరిని తీసుకుంటారు? ఆ నిర్ణయానికి ముందు ఇంకా ఏయే విషయాలు తెలుసుకోవాలి? మీ నోటుపుస్తకంలో రాయండి.