పైపు చూసి బండెక్కు

కోకాపేట, నార్సింగి సెల్లార్లలో పెద్ద బండి తిరగలేని మూలకు బాబ్‌క్యాట్ అనే చిన్న లోడర్ దూరుతుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ సోదరులు టర్కీ కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి కట్టిన బుల్లి లోడరే దీని పూర్వీకురాలు. ఇప్పుడు దీనికి బ్రేకర్ తగిలిస్తే రాయి పగులుతుంది, ఆగర్ తగిలిస్తే గుంత పడుతుంది. ఆ బలమంతా వచ్చేది ముందు వేలాడే రబ్బరు పైపుల గుండానే. కొత్తగా బండెక్కే కుర్రాళ్లకు వాటి గురించి నేను చెప్పేవి ఇవి.

1. పైపు ప్రెజరుకు పగిలేది తక్కువ, రాపిడికి చచ్చేది ఎక్కువ. అటాచ్‌మెంట్ తగిలించగానే పనిలోకి దిగకు. ఆర్మ్ నెమ్మదిగా ఎత్తి, అటాచ్‌మెంట్‌ను పట్టుకునే ప్లేటును పూర్తిగా ముందుకు వంచి, మళ్లీ పూర్తిగా వెనక్కి తిప్పి చూడు. హెల్పర్‌ని దూరంగా నిలబెట్టి పైపులనే గమనించమను. పైపు పొడవు ఎక్కువైతే ప్లేటు సందులో నలుగుతుంది, టైరుకు తగులుతుంది. తక్కువైతే ఫిట్టింగ్ దగ్గర లాగుతుంది. ప్రెజర్ ఎక్కినప్పుడు పైపు పొడవు కాస్త తగ్గవచ్చు కూడా. అందుకే బిగుతుగా కొలిచి కోయించిన పైపు నిలవదు. వేలాడుతోందని బైండింగ్ వైరుతో కట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వైరే రబ్బరును కోస్తుంది. నైలాన్ స్లీవ్ తొడిగించు, ఖర్చు పెద్దదేం కాదు.

2. పైపు మీద పొడవునా అచ్చేసిన గీత ఉంటుంది. అది తిన్నగా సాగాలి. మెలి తిరిగి కనిపిస్తే బిగించినవాడు ఒక్క స్పానరుతోనే కానిచ్చాడన్నమాట. ఒకదానితో ఫిట్టింగ్ పట్టుకుని, రెండోదానితో నట్టు తిప్పాలి.

3. పైపును బండికి కలిపే కప్లర్ మూతిని ప్రతిసారీ శుభ్రమైన గుడ్డతో తుడువు. వేస్ట్ కాటన్ వద్దు, పోగులు వదులుతుంది. గ్రానైట్ దుమ్ము ఆయిల్లో కలిస్తే పంపునూ వాల్వులనూ అరగదీస్తుంది. మూతలు పోయాయా? అటాచ్‌మెంట్ పైపుల కొసలు రెండూ ఒకదానికొకటి తగిలించి పెట్టు.

4. పొద్దున విప్పిన బ్రేకర్ మధ్యాహ్నం ఎక్కనంటుంది. ఎండకు లోపలి ఆయిల్ వ్యాకోచించి ప్రెజర్ కట్టింది, అంతే. సుత్తితో కొడితే కప్లర్ పాడవుతుంది, ప్రెజర్ మాత్రం పోదు. విప్పే ముందే అటాచ్‌మెంట్ నేల మీద ఆనించి, ఇంజిన్ ఆపి, నీ బండి పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ప్రెజర్ వదిలెయ్. విప్పాక నీడన పెట్టు.

5. కొన్ని అటాచ్‌మెంట్లకు సన్నగా మూడో పైపు ఉంటుంది, కేస్ డ్రెయిన్. ముందు దాన్నే తగిలించు, చివరన విప్పు. మరిచిపోతే మోటారు షాఫ్టు సీలు పోతుంది.

6. లీకును చేత్తో వెతకొద్దు. ఈ పైపుల్లో ప్రెజర్ సుమారు 200 బార్, కొన్ని బండ్లలో అంతకు పైనే. సూది మొనంత కన్నంలోంచి వచ్చే ధార కంటికి సరిగా కనిపించదు గానీ గ్లౌజునూ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి దూరుతుంది. దూరంగా నిలబడి, పొడవాటి కర్రకు అట్టముక్క కట్టి చూడు. ఎక్కడ తడిస్తే అక్కడే కన్నం. దొరికాక టేపు చుట్టి పని సాగించడం మరమ్మతు కాదు, ఓనరు ఎంత తొందరపెట్టినా సరే. పైపు మార్చాల్సిందే.

ఒకవేళ ఆయిల్ వేలికి గుచ్చుకుంటే చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. పసుపు అద్ది పనిలోకి పోకు. వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్లి, ముల్లు గుచ్చుకుందన్నట్టు కాకుండా, హైడ్రాలిక్ ఆయిల్ ప్రెజరుతో లోపలికి పోయిందని డాక్టరుకు మొదటి మాటగా చెప్పు.