ఎరువునకును ఎరువునకును నడుమ
కొబ్బరితోటను కనిపెట్టుటను గూర్చిన పాఠము

మన రాజోలు ప్రాంతమున కొబ్బరితోట గల ప్రతి రైతునకును సంవత్సరమునందు రెండు పనులు కంఠపాఠముగా తెలియును. తొలకరి వానలకు నేల పదునైన పిమ్మట మొదటి విడత ఎరువు; సెప్టెంబరు, అక్టోబరు మాసములలో రెండవ విడత. కాపునకు వచ్చిన చెట్టు ఒక్కింటికి సంవత్సరమునకు యూరియా 1 కిలో, సూపరు ఫాస్ఫేటు 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాషు 2 కిలోలు రెండు విడతలుగా వేయుదురు. పశువుల ఎరువు 25 కిలోలు, వేపపిండి 2 కిలోలు దీనికి తోడు. ఇది మంచి పద్ధతి. దీనిని ఎవరును మానవలదు. అయితే ఈ రెండు విడతలకు పట్టు దినములు పట్టుమని పది యుండవు. మిగిలిన మూడువందల యేబది దినములలో తోట యేమగుచున్నదో విచారించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. పురుగుల లెక్క

అక్టోబరు ఎరువు మొదలు మరుసటి జూను ఎరువు వరకు ఎనిమిది మాసములు. చెట్టు కాండమును లోపల తొలుచు ఎర్రముక్కు పురుగు గ్రుడ్డు దశ మొదలు రెక్కల పురుగగు వరకు సుమారు నాలుగు మాసములలో పెరుగుదల పూర్తిచేయును. ఒక్క ఆడపురుగు రెండువందలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. కావున మన రెండు విడతల నడుమ దానికి రెండు తరములు పుట్టి పెరుగుటకు వ్యవధి కలదు. మొవ్వును కొరుకు కొమ్ము పురుగు ఇంతకంటె నెమ్మది. దానికి ఒక తరమునకు ఆరు మాసములు పట్టును. మొవ్వు కుళ్ళు తెగులు వానకాలమున కొద్ది వారములలోనే చెట్టు ప్రాణమునకు ముప్పు తెచ్చును. పంచాంగము మనది; పురుగునకు దానితో పని లేదు.

2. చెట్టు లెక్క

కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకొక ఆకు వేయును. ప్రతి ఆకు మొదటను ఒక గెల రావలెను. ఆ పూగుత్తి మొలక, పొత్తు విచ్చుటకు సుమారు 32 మాసముల ముందే మొవ్వులోపల ఏర్పడును. పొత్తు విచ్చిన పిమ్మట కాయ ముదురుటకు మరి 12 మాసములు పట్టును. ఈ రెండును కూడినచో నేటి దింపులో దిగిన కాయకు పునాది పడి 44 మాసములైనదని తెలియుచున్నది. కాయలు తగ్గినవని గుర్తించి అప్పుడు తోటకు పోవు రైతు ఎంత ఆలస్యముగా పోవుచున్నాడో దీనినిబట్టి ఊహింపవచ్చును. కాయ పాత కబురు చెప్పును. ఆకు, మొవ్వు, కాండము నేటి కబురు చెప్పును. చూడవలసినవి ఇవియే.

మరియొక సంగతి. వరిచేనిలో ఒక దుబ్బు చచ్చినచో ప్రక్క దుబ్బు ఆ లోటు కొంత తీర్చును. పొడుగు రకపు కొబ్బరిచెట్టు చచ్చినచో దాని స్థానమున నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఇంటి పిల్ల బడికి పోవుట మొదలు పెద్ద తరగతికి వచ్చువరకు ఆ చోటు ఖాళీయే.

3. దింపు నాడు చూడవలసినవి

మన సీమలో నెలన్నరకో రెండు నెలలకో ఒకమారు దింపు జరుగును. చెట్టు తలను దగ్గరగా చూచువాడు దింపు కార్మికుడొక్కడే. కావున తోటకు కన్నులు అతనివి. యజమాని క్రింద నిలిచి కాయలు మాత్రమే లెక్కించినచో ఆ కన్నులు వ్యర్థమగును. మన గ్రామములనుండి అనేకులు కువైటు మున్నగు గల్ఫు దేశములకు పోయి, తోటలు బంధువులకో కౌలుదారులకో విడిచియున్నారు. వారు ఎరువుల సొమ్ము వేళకు పంపుదురు, ఎరువును వేళకు పడును. చెట్టును మాత్రము అడుగువారుండరు. అట్టివారు ఎరువుల సొమ్ముతోపాటు దింపునాటి సమాచారమును కూడ అడిగి తెప్పించుకొనుట అవసరము. చెట్టెక్కినవానిని ఈ క్రింది విషయములు అడుగవలెను.

కొత్తగా విచ్చిన ఆకులు కత్తెరతో కత్తిరించిన విసనకర్రవలె నున్నవా? అట్లయినచో కొమ్ము పురుగు మొవ్వులో చేరినదని అర్థము. మొవ్వు మొదట నమలిన పీచు కనబడును. ఇనుప కొక్కెముతో పురుగును లాగి చంపవలెను. పిమ్మట వేపపిండి 250 గ్రాములు, ఇసుక 250 గ్రాములు కలిపి మొవ్వు చుట్టునుగల లేత మట్టల ఇరుకులలో పోయవలెను. ఇట్లు సంవత్సరమునకు మూడుమారులు చేయుట మేలు.

మొవ్వు ఆకు పసుపువన్నెకు తిరిగి వ్రేలాడుచున్నదా? పట్టి లాగినచో ఊడివచ్చి దుర్వాసన కొట్టుచున్నదా? ఇది మొవ్వు కుళ్ళు. కుళ్ళిన భాగమును ఆరోగ్యమైన కండ కనబడువరకు చెక్కివేసి, బోర్డో పేస్టు పూసి, వాననీరు దిగకుండ క్రొత్త మొవ్వు వచ్చువరకు కప్పియుంచవలెను. మైలుతుత్తము 100 గ్రాములు, సున్నము 100 గ్రాములు వేరువేరుగా అర లీటరు నీటిలో కలిపి, పిమ్మట రెంటిని చేర్చినచో ఈ పేస్టు సిద్ధమగును. ఇనుప పాత్ర వాడరాదు. చుట్టుప్రక్కల చెట్ల మొవ్వులపై ఒకవంతు బోర్డో మిశ్రమమును చల్లవలెను.

ఆకు చివరలు విడివడక ముడుచుకొని, ఆకు పొట్టియై వచ్చుచున్నదా? ఇది తరచుగా బోరాను లోపము. చెట్టునకు 50 గ్రాముల బోరాక్సు పాదులో వేసి, తరువాత వచ్చు ఆకులను గమనింపవలెను.

4. నేలమీద నిలిచి చూడవలసినవి

వారమునకొకమారైనను తోటలో నడువవలెను. చెట్టు కాండముపై రంధ్రములు, వానినుండి కారు గోధుమవన్నె చిక్కని ద్రవము, నమిలి వెలికి నెట్టిన పీచు కనబడినచో ఎర్రముక్కు పురుగును అనుమానింపుడు. చెవి కాండమునకు ఆనించినచో లోపల కొరుకు చప్పుడు వినబడును. ఈ దశలో చెట్టు తల పచ్చగనే యుండవచ్చును. రక్షింపదగిన వేళ ఇదియే. రంధ్రములు శుభ్రపరచి, ఉద్యాన శాఖవారు చెప్పిన మందు ప్రయోగించి, మూసివేయవలెను. తల వాలిన పిమ్మట చేయదగినది ఒక్కటే: చెట్టును నరికి, చీల్చి, కాల్చుట. అట్లు చేయనిచో దానిలోని పురుగులు ప్రక్క తోటల పాలగును.

ఈ పురుగు గాయముల వాసనకు వచ్చునది. ఎక్కుటకు కాండమున మెట్లు నరుకరాదు. పచ్చిమట్ట కోయవలసివచ్చినచో కాండమునకు అంటకోయక, నాలుగడుగుల మట్టను విడిచి కోయవలెను. గాలివానకు గాయములైనచో వెంటనే తారు పూయవలెను. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానులో కోనసీమ తోటలు ఎట్లు కూలెనో పెద్దలెరుగుదురు. కూలినవి పోగా మిగిలిన చెట్లపై గాయములు కనిపెట్టుట తుపాను వెనుకటి మొదటి పని.

చెట్టు మొదట ఎర్రని జిగురు కారుచు, క్రింది మట్టలు వ్రేలాడుచున్నచో గానోడెర్మా తెగులు కావచ్చును. ముదిరినప్పుడు మొదటివద్ద కుక్కగొడుగు వంటి బూజు పుట్టును. ఇది నేలలో వేళ్ళ వెంబడియు, పారునీటి వెంబడియు వ్యాపించును. రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల కందకము త్రవ్వి ఆ చెట్టును వేరుచేయుడు. ఆ పాదు నీరు మరియొక పాదునకు పారనీయకుడు. వేపపిండి 5 కిలోలలో ట్రైకోడెర్మా 50 గ్రాములు కలిపి పాదులో వేయుడు.

ఆకు పచ్చదనము తగ్గగానే ఆకలియని తలచి ఎరువు పోయుట కూడదు. మొదట నీటిని చూడుడు. వరద తీసిన పిమ్మట బోదెలు పూడి నీరు నిలిచినచో వేళ్ళకు ఊపిరాడదు. అప్పుడు వేసిన ఎరువు నీటిపాలు. శంకరగుప్తము మురుగుకాలువ వెంబడి సముద్రపు పోటు నీరు ఎక్కివచ్చి, కొబ్బరిచెట్లు మోడులైన సంగతి మన ప్రాంతమువారు ఎరిగినదే. ఉప్పు పట్టిన నేలకు మురుగు పోవు దారియే మొదటి మందు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు దీనికి విరుద్ధమైన కష్టము వచ్చును. అప్పుడు డొక్కలు, ఎండుమట్టలు పాదులో పరచి తేమ నిలుపవలెను.

5. పూర్వపు దృష్టాంతము

ఇట్లు కనిపెట్టుట క్రొత్త మాట కాదు. ఇరువదవ శతాబ్దారంభమున గోదావరి డెల్టాలో తాటిచెట్లకు, కొబ్బరిచెట్లకు మొవ్వు కుళ్ళు వ్యాపించెను. వృక్షరోగ శాస్త్రజ్ఞుడగు ఇ. జె. బట్లరు దానిని పరిశోధించి, 1907లో ఆ శిలీంధ్రమునకు పిథియము పామివోరము అని పేరిడెను. నేడు దానిని ఫైటోఫ్తోరా పామివోరా అందురు. మన సీమ తెగులే లోకమునకు ఆ శిలీంధ్రమును పరిచయము చేసినది. అప్పటి మదరాసు ప్రభుత్వమువారు జరిపించిన నివారణ కార్యమునకు మూలము చెట్టు చెట్టును చూచుట, తెగులు సోకిన తలలను నరికి కాల్చుట. వానిలో చూచుటయే ముందు. చూడనిదే గొడ్డలి ఎక్కడ వేయవలెనో తెలియదు.

6. ఊరకుండుటయు ఒక పనియే

కనిపెట్టుటయనగా కనబడిన ప్రతిదానిపై మందు చల్లుట యని తలపవలదు. సర్పిలాకార తెల్లదోమ మన దేశమున మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కనబడి, పిమ్మట మన తోటలకును వచ్చినది. ఆకుల అడుగున తెల్లని చుట్టలు, పైన నల్లని మసి చూచి రైతులు భయపడుదురు. కాని దీనిని తిను ఎన్కార్సియా యను చిన్న మిత్రకీటకము తోటలో తనంతట వృద్ధియగును. ఘాటైన పురుగుమందు చల్లినచో మొదట చచ్చునది మిత్రుడే. ఆకు అడుగుభాగమును నీటితో గట్టిగా కడుగుట, అవసరమైనచో ఇసారియా శిలీంధ్రమును చల్లుట చాలును.

నల్లముట్టె పురుగు విషయమును ఇట్టిదే. దీనికి గోనియోజస్ అను పరాన్నజీవిని తోటలో విడుతురు. అది ఎదిగిన గొంగళి పురుగులపైననే గ్రుడ్లు పెట్టును. పురుగు ఇంకను గ్రుడ్ల దశలోనో, రెక్కల దశలోనో యుండగా తేదీ వచ్చినదని విడిచినచో మిత్రునికి ఆహారము లేక పని చెడును. ముందు ఆకు తీసి పురుగు దశ చూచి, పిమ్మట విడువవలెను. సందేహమున్నచో తెగులు సోకిన ఆకును అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమునకు తీసికొనిపోయి చూపుడు.

7. తోటపుస్తకము, సంఘము

ప్రతి చెట్టునకు రంగుతో అంకె వేయుడు. ఒక పుస్తకమున తేదీ, చెట్టు అంకె, చూచినది, చేసినది అని నాలుగు గడులు గీయుడు. ఐదవ గడి మిక్కిలి ముఖ్యము: పదునైదు దినముల తరువాత మరల చూచినది. చూచుట, చేయుట, మరల చూచుట అను ఈ మూడును కలిసినప్పుడే పని పూర్తియగును. రెండేండ్ల పుస్తకము చేతనున్నచో ఏ మూలనున్న చెట్లు మాటిమాటికి జబ్బు పడుచున్నవో, అచ్చటి నేలలో లోపమేమో తనంతట బయటపడును.

ఒకరి శ్రద్ధ ఇచ్చట చాలదు. కొమ్ము పురుగు పిల్లలు పెంటపోగులలోను, కుళ్ళిన మొద్దులలోను పెరిగి, రెక్కలు రాగానే గట్లు లెక్కచేయక ఎగురును. పది తోటలవారు మొవ్వులలో వేపపిండి పోసి, పదునొకండవవాడు పెంటపోగు తిరుగవేయకున్నచో పదిమంది శ్రమయు వానికే అంకితమగును. పెంటపోగులను రెండు నెలలకొకమారు తిరుగవేసి, పిల్లపురుగులను ఏరి చంపుట, మెటారైజియము శిలీంధ్రమును కలుపుట, ఆకర్షక బుట్టలు కట్టుట సంఘసభ్యులు ఒకే వారమున చేయవలసిన పనులు. బుట్టలను కొబ్బరిచెట్లకు కట్టరాదు. వేరు కొయ్యలకు కట్టవలెను.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ తోటలో గడచిన దింపునాడు కాయల లెక్కతోపాటు చెట్ల సంగతి ఎవరైనను చెప్పిరా?
2. నేడు దిగిన కాయకు ఎన్ని మాసముల క్రిందట పునాది పడినది?
3. ఆకు పసుపుపచ్చనైనచో ఎరువునకు ముందు దేనిని చూడవలెను? ఏల?
4. మందు చల్లక యుండుటయే మేలగు సందర్భమొకటి చెప్పుడు.
5. మీ వీధిలో తిరుగవేయని పెంటపోగులెన్ని? వానిని ఏ దినమున అందరు కలిసి తిరుగవేయుదురు?

చివరి ప్రశ్నకు తేదీ నిర్ణయింపక సమావేశము ముగింపవలదని మా మనవి.