బియ్యం డబ్బా నుంచి కంచం దాకా: అన్నం విషం కాకుండా ఎలా చూసుకోవాలి?

పొలం మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా వడ్లను పట్టుకుని మన ఇంటి బియ్యం డబ్బాలోకీ వస్తుంది. గట్టి పొర కప్పుకున్న సిద్ధబీజంగా వస్తుంది. తేమ తగలనంతకాలం అది పెరగదు. అందుకని మొదటి పని బియ్యాన్ని పొడిగా ఉంచడం. కడిగిన డబ్బా పూర్తిగా ఆరాకే కొత్త బియ్యం పోయండి. తడి చెయ్యి, తడి గ్లాసు అందులో పెట్టొద్దు.

వండేముందు రెండు మూడు నీళ్లతో కడగండి. దుమ్ము, తవుడు పోతాయి గానీ సిద్ధబీజాలన్నీ పోవు. నానేసిన బియ్యాన్ని ఎండాకాలంలో పూటల తరబడి బయట వదిలేయొద్దు. నాగుల చవితికి చేసే పచ్చి చలిమిడి పొయ్యి ఎక్కదు కదా, తడిపిండి కొట్టిన వెంటనే కలిపి ఆ పూటే తినేయాలి.

ఇక అసలు సంగతి. అన్నం ఉడికినా ఈ సిద్ధబీజాలు కొన్ని బతికే ఉంటాయి. అన్నం గోరువెచ్చబడ్డాక మొలకెత్తి, కొన్ని గంటల్లోనే విపరీతంగా పెరిగి, వాంతులు తెప్పించే సెర్యులైడ్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెడదు. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని పొద్దున తాలింపు పెడితే బాగైపోతుందని నమ్మకండి. 1970ల మొదట్లో బ్రిటన్‌లోని చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వాంతులతో పడిపోయింది ముందే వండి బయట ఉంచిన అన్నం వల్లే. వాసన చూసి దీన్ని పసిగట్టలేం.

భోజనాలు ఆలస్యమైతే అన్నం వేడి 60 డిగ్రీలకు తగ్గకుండా కుక్కర్‌ను వార్మ్‌లో ఉంచండి. మిగిలిన అన్నాన్ని గిన్నెతో సహా ఫ్రిజ్‌లో తోయొద్దు, నడిమి అన్నం చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోయాక గంటలోపు డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడే, ఒక్కసారే, పొగలొచ్చేలా వేడిచేసి తినేయండి.

చద్దన్నం ఇష్టమా? అన్నం ఆరగానే పెరుగు వేసి తోడుపెట్టండి. పులుపెక్కేకొద్దీ ఈ బాక్టీరియాకు పెరగడం కష్టమవుతుంది. పొయ్యి పక్కన ఊరికే వదిలేసిన అన్నాన్ని మాత్రం చద్దన్నమని పిల్లలకు పెట్టకండి.

తిన్న ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. చాలామందికి ఒక్క రోజులో తగ్గిపోతుంది. పసిపిల్లలకు, ముసలివాళ్లకు, గర్భిణులకు వస్తే ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఏ అన్నం ఎప్పుడు వండిందో, ఎంతసేపు బయట ఉందో చెప్పండి.