గోండుల నేల, గోండుల నుడి

రండ్, మూండ్, నాలుంగ్! విద్యార్థులారా, ఇవి ఏ భాషలోని మాటలో చెప్పగలరా? రెండు, మూడు, నాలుగు అను మన మాటలకు ఇవి తోబుట్టువులు. హైదరాబాదునకు ఉత్తరముగా సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్న ఆదిలాబాదు ప్రాంతపు గోండులు వీనిని పలుకుదురు. వారు తమ్ము తాము ‘కోయితూరు’లని చెప్పుకొందురు.

గోండులు ఎల్లకాలము అడవిలో దాగియున్న జాతి యని కొందఱు తలంతురు. అది సరి కాదు. చాందా మొదలగు చోట్ల వారు కోటలు కట్టి రాజ్యమేలిరి. 1751లో చాందా రాజ్యము మరాఠాల వశమైనది. కోటలు శిథిలమైనను కథలు నిలిచినవి. ప్రధానులను గాయకులు కీక్రి యను తీగవాద్యమును మ్రోగించుచు ఆ వంశముల చరిత్రను తరతరములుగా పాడుచు వచ్చిరి.

రాజ్యము పోయిన పిమ్మట నేల పోయినది. గోండు రైతు తేలిక నేలను కొన్నియేండ్లు దున్ని, బీడు వదలి, వేఱొక చోట సేద్యము చేసి, మరల వచ్చెడివాడు. ఆ పొలము అతనిదని ఊరందఱికిని తెలియును. కాని చేత కాగితము లేదు. నిజాము ప్రభుత్వ కాలమున పట్టాలును, అడవుల హద్దులును వచ్చినవి. బీడు పొలములకు పైనుండి వచ్చినవారు పట్టాలు పొందిరి. చాల భాగము ప్రభుత్వపు అడవిలో కలిసిపోయినది. తాత దున్నిన చేనిలోనే మనుమడు నేరస్థుడైనాడు. దీని నెదిరించి కొమురం భీము పండ్రెండు గ్రామములవారిని కూడగట్టి, 1940లో జోడేఘాటు వద్ద పోలీసుల కాల్పులలో మరణించెను.

అటుపిమ్మట గోండుల స్థితిగతులను విచారించుటకు ఆస్ట్రియా దేశీయుడగు హైమన్‌డార్ఫ్ నియమింపబడెను. ఆయన భార్యయగు బెట్టీతో కూడ మార్లవాయి గ్రామమున నివసించి, గోండులతో కలిసిమెలిసి తిరిగి, వారి కష్టములను ప్రభుత్వమునకు నివేదించెను. వేలకొలది కుటుంబములకు పట్టాలు లభించినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ఆరంభమైనది. గోండీ వాచకములు దేవనాగరి లిపిలో వెలువడినవి. మాతృభాషలో చదువు చెప్పవలెనను ఆ యత్నము, నా యెఱుకలో, పట్టాలకంటె తక్కువది కాదు.

నేటి గోండులు ప్రత్తి పండించుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపురములో మెస్రం వంశీయులు, కాలినడకన తెచ్చిన గోదావరి జలముతో నాగోబాను అర్చింతురు. మార్లవాయి గుస్సాడీ నర్తకుడు కనకరాజునకు 2021లో పద్మశ్రీ లభించినది. ఆయన 2024లో కీర్తిశేషుడైనాడు.

ఇక భాష మాట. దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశమున గ్వారానీ యను ఆదివాసుల భాష 1992 రాజ్యాంగముచే స్పానిషు భాషతోపాటు అధికారభాష యైనది. ఆదివాసులు కానివారును దానిని ఇండ్లలో మాట్లాడుదురు. గోండీ అదృష్టము వేఱు. 2011 జనాభా లెక్కల ప్రకారము దానిని మాట్లాడువారు 29 లక్షలకు పైబడిరి. ఐనను అది రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో లేదు. దాదాపు 15 లక్షలమంది మాట్లాడు బోడోకు 2003 నాటి సవరణచే అందు చోటు దొరకినది. గోండీ మాట్లాడువారు మధ్యప్రదేశము, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రము, తెలంగాణము మొదలగు రాష్ట్రములలో చీలియున్నారు. ఒకచోట పిల్లలు హిందీలో, మఱొకచోట మరాఠీలో, ఇచ్చట తెలుగులో చదువుకొందురు.

ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున దొరకిన ప్రాత వ్రాతప్రతులలో గోండీ భాషకు స్వంత లిపియే కనబడినది. 2018లో ఆ లిపి యూనికోడులో చేరుటచే ఇప్పుడు దానిని కంప్యూటరుపై వ్రాయవచ్చును. ఆ అక్షరములను దిద్దించు గురువులు మాత్రము కొద్దిమందియే.