పాత బండికి టైరు కొనేటప్పుడు అంకెలు చదవండి

ఈసారి పురుగుల సంగతి కాదు, గూళ్లు మోసే బండి సంగతి. మనలో చానామంది దగ్గర పాత ఆమ్నీయో, మారుతి 800 ఓ ఉంది. పంటకొకసారి రామనగరానికో, శిడ్లఘట్టకో, హోసూరుకో పోతుంది. మిగిలిన దినాలు చెట్టు కిందే నిలబడి ఉంటుంది.

అందుకే మన టైర్లు అరగవు. గీతలు లోతుగా కనిపిస్తే ఇంకా కొత్తవే అనుకుంటాము. రబ్బరుకు మాత్రం వయసవుతానే ఉంటుంది. ఎండకు గట్టిపడి పక్కల సన్నగా పగుళ్లు ఇస్తుంది. ఏప్రిల్ ఎండలో హైవే మీద పేలేది ఇట్లాంటివే. అప్పుడు మనుషులకే ప్రమాదం. మనుషులు బాగున్నా, సంచుల్లో గూళ్లు వేడెక్కి చెమ్మ పడతాయి, వేలం టైము దాటిపోతుంది. ఇరవై ఐదు దినాల కష్టం రోడ్డు పక్కన నిలబడిపోతుంది.

వయసు టైరు మీదే రాసి ఉంటుంది. డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఒక పక్క కనిపించకుంటే లోపలి పక్క చూడండి. ఐదేండ్లు దాటితే ఏటా ఒకసారి తెలిసినవాళ్లకు చూపించాలి. పదేండ్లు దాటితే గీతలు ఎంత లోతున్నా తీసేయాల్సిందే. స్టెప్నీకి కూడా ఇదే లెక్క, దాన్ని ఎవరూ చూడరు. నల్ల పాలిష్ కొట్టిన సెకండ్‌హ్యాండ్ టైరు చవకని తీసుకోవద్దండి, ముందు ఆ నాలుగు అంకెలు చదవండి.

ఇంక బరువు. మారుతి 800 టైరు మీద 145/70 ఆర్12 69ఎస్ అని ఉంటుంది. 69 అంటే ఒక్కో టైరు 325 కిలోలు మోస్తుందని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. ఆమ్నీ రిమ్ము కూడా 12 అంగుళాలే కాబట్టి ఆ టైరు దానికీ ఎక్కుతుంది. ఎక్కింది కదా అని సరిపోయిందనుకోకూడదు. నాలుగూ కలిపి 1300 కిలోలే. ఆమ్నీ సొంత బరువే దగ్గర దగ్గర 800. దాని మీద ఐదుగురు మనుషులు, సంచులు, పైగా బరువు నాలుగు చక్రాల మీద సమంగా పడదు. గూళ్లు తేలికే, నిజమే. వచ్చేటప్పుడు ఎరువు మూటలు వేసుకొచ్చేది ఎవరండీ? ఆమ్నీకి ఎల్‌టీ అని రాసిన, బరువుకు చేసిన 145 ఆర్12 టైరే అడగండి. ఏ బండికైనా కంపెనీ పుస్తకంలో ఉన్న సైజే ఖాయం. బరువు అంకె దానికన్నా తగ్గకూడదు, ఎక్కువైతే పరవాలేదు.

రెండే కొనగలిగితే ఒకే రకం జత తీసుకొని వెనక వేయించండి. పాత రిమ్ముకు ట్యూబ్‌లెస్ వేయమంటే ముందు ఆ రిమ్ము దానికి పనికొస్తుందా అని అడగండి. గాలి మాత్రం సంచులు ఎక్కించే ముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి.